సామెతకు రెండున్నర గంటల సినిమా ఎందుకు?

2025లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ శతాబ్దంలో వచ్చిన వంద గొప్ప సినిమాల జాబితా వేసింది. అందులో మూడో స్థానం పాల్ థామస్ ఆండర్సన్ 2007లో తీసిన ‘దేర్ విల్ బి బ్లడ్’కు దక్కింది. ఇలాంటి జాబితా వచ్చినప్పుడల్లా కొందరు ఆ సినిమాను వెతికి పట్టుకుని చూస్తారు. చూసినవాళ్లలో సగం మంది ముఖం చిట్లించుకుని ఒకే ప్రశ్న వేస్తారు: ఇందులో ఏముంది? ఒకడు చమురు బావులు తవ్వుతాడు, బాగా సంపాదిస్తాడు, మనిషితనం పోగొట్టుకుంటాడు. ప్రేమకథ లేదు. వెనక్కి తిరిగి మంచివాడైపోయే ఘట్టం లేదు. నిడివి చూస్తే 158 నిమిషాలు. ‘దురాశ దుఃఖానికి చేటు’ అని అమ్మమ్మ మూడు మాటల్లో తేల్చేసిన సంగతికి ఇంత ఆర్భాటం దేనికి?

ప్రశ్న సబబైనదే. అత్యాశ గురించి వచ్చే సినిమాల్లో ఎక్కువ భాగం నిజంగానే సామెతకు వేసిన బొమ్మలు. మొదట పేదరికం, మధ్యలో భోగం, చివర్లో పతనం. మనకు ముందే తెలిసిన దాన్ని మళ్లీ చెప్పి ఇంటికి పంపుతాయి. కొన్ని మాత్రం సామెత దగ్గర ఆగవు. వాటికీ వీటికీ తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే ముందు మాటల సంగతి తేల్చుకోవాలి.

ఆశ, లోభం, మాత్సర్యం: ఒకే జబ్బుకు మూడు పేర్లు కావు

తెలుగులో ‘ఆశ’ చాలా బరువు మోసే మాట. కొడుకు కలెక్టరు కావాలని ఆశపడితే మెచ్చుకుంటాం. అదే కొడుకు రెండో లడ్డూ అడిగితే ఆశపోతు అంటాం. ‘ఆశయం’ అనే మాట వ్యుత్పత్తి వేరైనా చెవికి దీని చుట్టంలాగే వినిపిస్తుంది. పైకి ఎదగాలన్న కోరికకూ అత్యాశకూ మధ్య గీత ఎక్కడ గీయాలో భాషే తేల్చి చెప్పడం లేదన్నమాట. మంచి సినిమాకు ఈ తేలనితనమే పెట్టుబడి.

అత్యాశనూ లోభాన్నీ ఒకే గాట కట్టడం మనకు అలవాటు, కానీ అవి వేరు. అత్యాశ లేనిదాని కోసం చెయ్యి చాస్తుంది. లోభం ఉన్నదాని మీద గుప్పిట బిగిస్తుంది. 1924లో ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ తీసిన ‘గ్రీడ్’ అనే మూకీ సినిమాలో ట్రీనా అనే ఇల్లాలికి లాటరీలో 5,000 డాలర్లు తగులుతాయి. ఆమె ఇంకా కావాలని ఎక్కడికీ పరిగెత్తదు. వచ్చినదాన్ని ఖర్చు పెట్టలేక, భర్త పస్తులున్నా పెట్టె తెరవలేక, చివరికి బంగారు నాణేలను పక్క మీద పరుచుకుని పడుకుంటుంది. అది లోభం. మన ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుకు గురజాడ ఆ పేరే పెట్టి ఊరుకున్నారు, వేరే వివరణ అక్కర్లేకుండా.

ఇప్పుడు ‘దేర్ విల్ బి బ్లడ్’లోని డేనియల్ ప్లెయిన్‌వ్యూను తీసుకుందాం. డేనియల్ డే-లూయిస్ వేసిన పాత్ర ఇది, ఆయనకు ఆస్కార్ తెచ్చిపెట్టింది. ప్లెయిన్‌వ్యూ పెద్దగా దాచుకోడు, పెద్దగా అనుభవించడు. సినిమా మధ్యలో స్టాండర్డ్ ఆయిల్ మనుషులు వచ్చి అతని బావులకు పది లక్షల డాలర్లు ఇస్తామంటారు. డబ్బే లక్ష్యమైతే అక్కడ కథ కంచికి వెళ్లిపోవాలి. అతను ఒప్పుకోకపోగా, తను పెంచుకుంటున్న పిల్లవాడి గురించి ఒక మాట అన్నందుకు బేరానికి వచ్చినవాడి గొంతు కోస్తానని బెదిరిస్తాడు. తనలో ఒక పోటీ ఉందనీ, ఇంకెవరూ గెలవడం తనకు ఇష్టం లేదనీ మరో చోట తనే ఒప్పుకుంటాడు. అరిషడ్వర్గాల జాబితా తెలిసినవాళ్లకు దీని పేరు ఇట్టే తడుతుంది. ఇది లోభం కాదు, చివరిదైన మాత్సర్యం. కామంతో మొదలయ్యే ఆ ఆరింటి వరుసను మనం చిన్నప్పుడు బట్టీ పట్టాం గానీ, ఒకే మనిషి అందులో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారుతుంటే ఎలా ఉంటుందో కళ్లతో చూసే అవకాశం అరుదు. పొట్టకూటి కోసం మొదలైన ఆశ ఏ నిమిషంలో పేరు మార్చుకుందో వేలు పెట్టి చూపించలేం. చూసినవాళ్లు ఆ నిమిషం గురించే వాదులాడుకుంటారు. నా మటుకు ఈ తరహా సినిమా గొప్పతనానికి మొదటి గుర్తు అదే.

కాలం అంటే కోటూ టోపీ కాదు

‘పీరియడ్ డ్రామా’ అంటే గడిచిన ఒక కాలంలో జరిగే కథ. మన దగ్గర ఈ మాట వినగానే పాత కార్లు, లాంతర్లు, గోధుమ రంగు పూసిన దృశ్యాలు గుర్తొస్తాయి. అవన్నీ అలంకారాలే. అత్యాశ కథకు కాలం చేసే అసలు పని వేరు: ఆ రోజుల్లో ఏది చట్టమో, ఏది ఆచారమో, ఏ యంత్రం కొత్తగా వచ్చిందో, దేనికి గిరాకీ పుట్టిందో అది చెబుతుంది. మనిషిలోని ఆశ ఎప్పటిదో. దానికి తలుపు తీసేది మాత్రం కాలం.

ఒక లెక్కతో చూద్దాం. ఒక లోయ కింద వెయ్యి పీపాల చమురు ఉందనుకోండి. అందులో మూడు వందల పీపాలు మీ పొలం కింద ఉన్నాయి. పక్క పొలం వాడు ముందుగా బావి తవ్వాడు. చమురు నేలలో రాయిలా కదలకుండా ఉండదు. ఒత్తిడి తగ్గిన వైపు పాకుతుంది. అతని బావి తోడుతున్నకొద్దీ మీ మూడు వందల పీపాలు అటు జారిపోతాయి. మీరు కోర్టుకు వెళితే? పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా కోర్టులు ఇచ్చిన జవాబు: పైకి తీసినవాడిదే చమురు. 1889లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు చమురునూ సహజవాయువునూ అడవి జంతువులతో పోల్చింది. లేడి మీ చేలో ఉన్నంతసేపు మీదే, పక్క చేలోకి దూకితే వాడిది.

మన పాఠకులకు దీన్ని ఇంతకంటే విడమరచనక్కర్లేదు. రాయలసీమలోనో తెలంగాణలోనో పక్క రైతు ఇంకో మూడు వందల అడుగులు లోతుకు బోరు దించితే, తెల్లారేసరికి మన బోరు గాలి కక్కడం ఎన్ని ఊళ్లు చూడలేదు! పొలం ఎవరిదో నీళ్లు తోడుకునే హక్కు వాళ్లదే అన్న పాత పద్ధతి ఇక్కడా అదే పందెం పెట్టింది. ఆ పందేనికి కళ్లెం వేయడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం తెచ్చారు.

ఈ సూత్రం అర్థమైతే సినిమా సగం విడిపోతుంది. ఆ చట్టం కింద నిదానస్తుడు నష్టపోతాడు. ముందు తవ్వినవాడు, చుట్టూ ఉన్న నేలంతా కలుపుకున్నవాడు బతుకుతాడు. అంటే ప్లెయిన్‌వ్యూ తొందర అతని స్వభావంలో పుట్టింది కొంత, ఆ కాలం నేర్పింది కొంత. చివరి ఘట్టంలో, ప్లెయిన్‌వ్యూ ఇంటి బౌలింగ్ గదిలో, పాస్టర్ ఈలై సండే వచ్చి ఆ చుట్టుపక్కల తవ్వకుండా మిగిలిన ఒకే ఒక్క నేలను ఇప్పిస్తానంటే, దాని కింద చమురు ఎప్పుడో ఖాళీ అయిందని ప్లెయిన్‌వ్యూ చెబుతాడు. ఎదుటివాడి గ్లాసులోని పాలపానీయాన్ని గది ఇవతలి నుంచే పొడవాటి గొట్టంతో పీల్చేసినట్టు అని అభినయించి మరీ చూపిస్తాడు. ఆ మాటలు ఇంటర్నెట్‌లో హాస్యంగా తిరిగాయి గానీ, అవి ఒక తరం పాటు అమలైన ఆస్తి హక్కుకు అచ్చమైన నిర్వచనం.

‘కన్యాశుల్కం’లోనూ ఇదే కనిపిస్తుంది. 1892లో మొదట విజయనగరంలో ఆడిన నాటకాన్ని పి. పుల్లయ్య 1955లో సినిమాగా తీసేసరికి అది అరవయ్యేళ్ల నాటి కథ అయిపోయింది. కూతురికి వెల కట్టే అగ్నిహోత్రావధాన్లు, ఇంకాస్త చవకగా వేరే పిల్ల దొరుకుతుందంటే మొదటి సంబంధం నుంచి తప్పుకునే లుబ్ధావధాన్లు ఇద్దరూ తమను తాము దుర్మార్గులమని అనుకోరు. ఆచారం బజారు తెరిచింది, వాళ్లు బేరమాడుతున్నారు. ఆ ఆచారాన్ని తీసేస్తే వాళ్లు మామూలు పిసినిగొట్లు, కోపిష్టులు మాత్రమే.

డబ్బు ఎలా వస్తుందో చూపించాలి

సామెత సినిమాలో డబ్బు పాట మధ్యలో వస్తుంది. పాట మొదలైనప్పుడు అద్దె గది, అయ్యేసరికి మేడ. గొప్ప సినిమా ఆ మధ్య భాగాన్ని దాటవేయదు.

‘దేర్ విల్ బి బ్లడ్’ 1898లో న్యూమెక్సికోలోని ఒక వెండి గనిలో మొదలవుతుంది. దాదాపు పదిహేను నిమిషాల పాటు సంభాషణ అనదగిందేదీ ఉండదు. ఒక మనిషి, ఒక గొయ్యి, ఒక గునపం. నిచ్చెన మెట్టు విరిగి అడుగుకు పడతాడు, కాలు విరుగుతుంది. పైకి పాకి, వెల్లకిలా నేల మీద ఈడ్చుకుంటూ ఖనిజాన్ని పరీక్షించే కార్యాలయానికి వెళ్లి, అక్కడ నేల మీద పడుకునే సంతకం పెడతాడు. ఇదంతా చూశాక అతన్ని ఊరికే అసహ్యించుకోవడం కష్టం. కష్టార్జితం అనే మాటకు మనం ఇచ్చే గౌరవమంతా అతనికి ముందే ఇచ్చేశాం. తర్వాత అతను చేసే ప్రతి పనినీ ఆ అప్పు తీర్చుకుంటూ చూడాల్సి వస్తుంది.

తర్వాతది బేరం. చమురు ఉన్న ఊరి గుట్టును ఒక కుర్రవాడు 500 డాలర్లకు అమ్ముతాడు. ప్లెయిన్‌వ్యూ, పెంచుకుంటున్న పిల్లవాడిని వెంటబెట్టుకుని, పిట్టల వేటకు వచ్చినట్టు నటిస్తూ ఆ ఇంటికి వెళతాడు. చమురు ఉందని రూఢి అయ్యాక పిల్లవాడితో అంటాడు: వాళ్లకు చమురు ధర ఇవ్వను, పిట్టల ధర ఇస్తాను. మన దగ్గర ఊరి పక్కన రోడ్డో విమానాశ్రయమో వస్తుందని ముందే తెలిసినవాడు మెట్ట భూమి ధరకు ఎకరాలు కొనడం ఎరిగినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. ఇక్కడ నేరం ఏమీ జరగలేదు. ఒకరికి తెలిసింది, ఇంకొకరికి తెలియదు, అంతే. ఆ తేడాలోనే లాభం ఉంది.

హిందీలో వచ్చిన ‘తుంబాడ్’ (2018) ఈ విషయంలో ఇంకో దారి పట్టింది. రాహీ అనిల్ బర్వే తీసిన ఈ సినిమా 1918, 1933, 1947 అని మూడు భాగాలుగా నడుస్తుంది. ఇందులో సంపాదన కల్పితమే, కానీ దాని నియమాలు వడ్డీ వ్యాపారమంత కచ్చితంగా ఉంటాయి. పాతాళంలాంటి గర్భంలో హస్తర్ అనే శాపగ్రస్త దేవుడు ఉంటాడు. బంగారం ఉంది, తిండి లేదు. కథానాయకుడు వినాయక్ పిండి బొమ్మతో దిగుతాడు, చుట్టూ పిండితో గిరి గీసుకుంటాడు. ఆకలితో దేవుడు బొమ్మ మీద పడేసరికి అతని గోచీలోంచి రాలిన నాణేలు ఏరుకుని తాడు పట్టుకుని ఎక్కుతాడు. ఒక్కో దిగుడుకు దొరికేవి గుప్పెడే. ఖర్చయ్యాక మళ్లీ దిగాలి. ఒక బొమ్మకు గుప్పెడు నాణేలైతే ఎక్కువ బొమ్మలు తీసుకెళితే ఎన్ని అని కొడుకు అడిగిన రోజున ప్రేక్షకుడు కూడా మనసులో గుణించుకుంటాడు. ఆ గుణకారంలో తప్పెక్కడుందో ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి ఆ గర్భం ఉన్న వాడా (పాత భవంతి) ప్రభుత్వపరం అవుతుందన్న భయం ఆ తొందరకు కారణం కావడం చూడండి. మళ్లీ కాలమే తలుపు దగ్గర నిలబడింది. 2024లో మళ్లీ విడుదల చేస్తే తొలిసారి కంటే ఎక్కువ వసూలు చేసిందంటే, జనం దెయ్యం కోసం మాత్రమే వెళ్లారని నేను అనుకోను.

జాన్ హ్యూస్టన్ 1948లో తీసిన ‘ద ట్రెజర్ ఆఫ్ ద సియెర్రా మాద్రే’లో ఒక ముసలి బంగారు వేటగాడు పుత్తడికి అంత ధర ఎందుకో చెబుతాడు. వెయ్యి మంది వెతుకుతారు, ఒకడికి దొరుకుతుంది. ఆ ఒక్కడి బంగారంలో మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది శ్రమ కూడా ఉంది. 1925 నాటి మెక్సికోలో పూట గడవని మనుషుల మధ్య చెప్పిన మాట ఇది.

దురాశకు అద్దం పట్టే రెండోవాడు

ఒక్క దురాశాపరుడితో సినిమా నిలబడదు. అతన్ని చూసి మనం ‘నేను వాడిలాంటివాణ్ణి కాదు’ అని హాయిగా కూర్చుంటాం. ఆ హాయిని చెడగొట్టడానికి ఇంకొకడు కావాలి. ప్లెయిన్‌వ్యూ ఎదుట ఆ పని చేసేది పాల్ డానో వేసిన ఈలై. దేవుడి పేరు చెప్పే అతను కూడా మొదటి బేరంలోనే చర్చికి 5,000 డాలర్లు రాయించుకుంటాడు. పైపులైను కోసం కావలసిన నేల దక్కాలంటే ప్లెయిన్‌వ్యూ ఈలై చర్చిలో జ్ఞానస్నానం తీసుకోవాల్సి వస్తుంది. అందరి ముందు ఈలై అతన్ని మోకరింపజేసి, చెంపదెబ్బలు కొట్టి, పిల్లవాణ్ణి వదిలేశానని అరిపిస్తాడు. చివర్లో అదే అవమానాన్ని ప్లెయిన్‌వ్యూ తిరిగి చెల్లిస్తాడు, నేను దొంగ ప్రవక్తనని ఈలై చేత చెప్పించి. ఇద్దరూ జనం నమ్మకాన్నే తోడుకున్నారు. గొట్టాలు వేరు.

ఒప్పుకోనివాళ్లు ఏమంటారు?

ఈ సినిమాకు ఆధారం అప్టన్ సింక్లెయిర్ 1927లో రాసిన ‘ఆయిల్!’ నవల. సింక్లెయిర్ సోషలిస్టు. నవలలో చమురు కార్మికుల సమ్మెలు, సంఘాలు, రాజకీయ లంచాలు నిండి ఉంటాయి, కథ యజమాని కొడుకు కళ్లతో నడుస్తుంది. సినిమా ఆ మొదటి భాగంలో కొంత తీసుకుని మిగతాదంతా వదిలేసింది. వ్యవస్థ మీద గురిపెట్టిన బాణాన్ని ఒక పిచ్చివాడి మీదకు తిప్పారన్నది ఒక విమర్శ. ఇందులో బలం ఉంది. బావిలో మనుషులు చచ్చిపోతారు గానీ వాళ్లకు మాటలు లేవు. ఆడవాళ్లకైతే దాదాపు చోటే లేదు. సమర్థించేవాళ్లు ఇంకోలా చెబుతారు: ఉపన్యాసాలు తీసేసి, చట్టాన్నీ బేరాన్నీ దృశ్యాల్లో పెట్టడం వల్లే ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ కథ పాతబడలేదు. నాకు రెండో మాట వైపే మొగ్గు, కానీ మొదటిది చదివాక సినిమాను మునుపటిలా చూడలేకపోయానని ఒప్పుకోవాలి.

నటన మరీ మోతాదు మించిందని, ముఖ్యంగా చివరి ఇరవై నిమిషాలు వీధి నాటకమైపోయిందని ఇంకొందరి ఫిర్యాదు. దీన్ని తేల్చడం ఎవరి వల్లా కాదు. జానీ గ్రీన్‌వుడ్ సంగీతం మొదటి దృశ్యం నుంచే భయానక చిత్రంలా మోగుతుంది కాబట్టి ఆ ముగింపుకు ముందే సిద్ధం చేశారని నాకు అనిపిస్తుంది. (అందులో ముందే రాసిన బాణీలు కలిసి ఉన్నాయని ఆ సంగీతాన్ని ఆస్కార్ పోటీకి తీసుకోలేదు.)

మనకు దగ్గరి వివాదం వేరే ఉంది: దురాశాపరుడు చివర్లో గెలిస్తే? వెంకీ అట్లూరి తీసిన ‘లక్కీ భాస్కర్’ (2024) ఎనభైల చివరి బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియర్ కథ. 1992లో బయటపడిన సెక్యూరిటీల కుంభకోణంలో, వెనక సెక్యూరిటీలు (ప్రభుత్వ బాండ్లలాంటివి) లేకుండానే బ్యాంకులు ఇచ్చిన రసీదులు చేతులు మారి డబ్బుగా ఎలా మారాయో ఈ సినిమా మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చెప్పింది. ఇది చిన్న పని కాదు. అయితే భాస్కర్ సరైన సమయంలో ఆగి, కుటుంబంతో విదేశానికి తరలిపోతాడు. నీతి ఏమైనట్టు అని కొందరు అడిగారు. పెద్ద చేపలు ఈదుకుంటూ పోతుంటే చిన్నవాడినే ఎందుకు ఉరితీయాలని ఇంకొందరు అన్నారు. శిక్ష లేకపోవడం లోపమని నేను అనుకోను. భాస్కర్ ఆశ ఎక్కడా పేరు మార్చుకోదు, అది నాకు కొరతగా తోచింది. భార్యా తండ్రీ మందలించగానే గర్వం దిగిపోతుంది, మనిషి మళ్లీ మనవాడైపోతాడు. ‘కేజీఎఫ్’లోనైతే అత్యాశ అమ్మకిచ్చిన మాటగా మారి పూజలందుకుంటుంది. ఆ సినిమాల ఊపు వేరు, కానీ అక్కడ ప్రేక్షకుడికి వాదులాడుకునే నిమిషం మిగలదు.

ఆ బౌలింగ్ గది ఎవరిది?

శిక్ష ప్రశ్న దగ్గర అసలు చరిత్ర సినిమాకన్నా వింతగా ఉంటుంది. సింక్లెయిర్ నవలకు ప్రేరణ అయినవాళ్లలో ఎడ్వర్డ్ డొహీనీ ముఖ్యుడు. ప్లెయిన్‌వ్యూలాగే గనుల వేటలో తిరిగి, 1892లో లాస్ ఏంజెలెస్‌లో చమురు తీసి, కోట్లకు పడగెత్తాడు. 1921లో అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి ఆల్బర్ట్ ఫాల్‌కు లక్ష డాలర్లు పంపాడు. నౌకాదళం కోసం అట్టిపెట్టిన కాలిఫోర్నియా చమురు భూములు ఆ తర్వాత అతనికి లీజుకు వచ్చాయి. ఆ డబ్బును నల్ల సంచిలో పెట్టుకుని మోసుకెళ్లినవాడు డొహీనీ కొడుకు నెడ్. అది అప్పే తప్ప లంచం కాదని డొహీనీ వాదించాడు. ఆ డబ్బు లంచంగా పుచ్చుకున్నందుకు 1929లో ఫాల్ దోషి అయ్యాడు. అదే డబ్బు లంచంగా ఇచ్చాడన్న కేసులో 1930లో డొహీనీ నిర్దోషిగా బయటికొచ్చాడు.

కొడుకు కోసం డొహీనీ బెవర్లీ హిల్స్‌లో గ్రేస్టోన్ అనే కోటలాంటి ఇల్లు కట్టించాడు. కాపురం పెట్టిన కొద్ది నెలలకే, 1929 ఫిబ్రవరిలో, నెడ్ ఆ ఇంట్లోనే తుపాకీ గుండుకు బలయ్యాడు. పక్కన అతని కార్యదర్శి కూడా చనిపోయి ఉన్నాడు. ఆ ఇంటి కింది అంతస్తులో బౌలింగ్ ఆడుకునే గది ఒకటి ఉంది. ప్లెయిన్‌వ్యూ చేత ఈలైకి చమురు లెక్క చెప్పించే చివరి దృశ్యానికి చోటు వెతుక్కుంటూ ఆండర్సన్ ఆ గదికే వెళ్లాడు, దాన్ని బాగు చేయించి అక్కడే తీశాడు.